మురిగిపోయే ఓటు గురించి

తెనాలి

చిట్టితల్లీ,

ఫోన్లో చెబుదామంటే సగంలోనే "అమ్మా, నీకు ఇక్కడి సంగతి తెలీదు" అంటావు. అందుకే కాగితం మీద పెడుతున్నా. అమెరికా సిటిజన్‌షిప్ వచ్చాక మొదటి ఓటు, ప్రెసిడెంట్ ఎన్నికలో పెద్ద పార్టీలవాళ్లిద్దరూ నచ్చలేదు కాబట్టి మూడో పార్టీవాళ్లకి వేస్తానన్నావు. పక్కనుంచి మీ నాన్న "ఓటు మురగబెట్టుకోకు" అని అరిచారు, విన్నావుగా. 2009లో నాతోనూ అదే మాట అన్నారు.

అప్పుడు నేను ఈల గుర్తుకి వేశాను. ఎండలో గంటన్నర నిలబడ్డాక లోపల రెండు మెషీన్లు, ఎమ్మెల్యేకి ఒకటి, ఎంపీకి ఒకటి. ఎమ్మెల్యే మెషీన్ మీద లోక్‌సత్తాకి నొక్కి వచ్చాను. వేలి మీద ఇంకు ఆరకముందే మీ నాన్న నవ్వడం మొదలుపెట్టారు. ఆ పార్టీకి రాష్ట్రం మొత్తంలో దక్కింది కూకట్‌పల్లి ఒక్కటే, జయప్రకాశ్ నారాయణ్ గారిది.

మీ చిన్నమామయ్యది ఇంకా ఘోరం. వాడు వేసిన ప్రజారాజ్యానికి 16 శాతం దాకా ఓట్లు వచ్చినా, 294లో 18 సీట్లే వచ్చాయి. పోనీలే అని సర్దుకునేలోగా 2011లో పార్టీనే తీసుకెళ్లి కాంగ్రెస్‌లో కలిపేశారు. ఎవరొద్దని వేశాడో వాళ్ల ఖాతాలోకే పోయింది వాడి ఓటు. రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. నన్నడిగితే ఓటు మురిగిపోవడమంటే అదీ. నాది ఓడిపోయిందంతే.

మీ దగ్గర 1992లో రాస్ పెరో అనే ఆయనకి దాదాపు 19 శాతం ఓట్లు వచ్చి, ప్రెసిడెంట్ ఎవరో తేల్చే ఎలక్టోరల్ ఓట్లు (రాష్ట్రానికిన్ని అని ఉంటాయే, అవి) ఒక్కటీ దక్కలేదు. చిరంజీవే నయం.

నువ్వింకా ఎడిసన్‌లో ఉంటే నీ ఇష్టం అనేదాన్ని. 2016లో న్యూజెర్సీలో గెలిచినవాళ్లకీ ఓడినవాళ్లకీ తేడా 5 లక్షల పైమాటే. అక్కడ నువ్వు ఎవరికి వేసినా ఏమీ తారుమారు కాదు. కానీ మీరు నది దాటి ఫిలడెల్ఫియా వైపు ఇల్లు కొన్నారు. పెన్సిల్వేనియాలో ఆ ఏడాది 60 లక్షల పైచిలుకు ఓట్లు పడితే హిల్లరీ మీద ట్రంప్ గెలిచిన తేడా 44 వేల చిల్లర. గ్రీన్ పార్టీ జిల్ స్టెయిన్‌కి పడినవి దాదాపు 50 వేలు. వాళ్లంతా హిల్లరీకే వేసేవారని నేననను, చాలామంది అసలు ఇల్లు కదిలేవారే కాదేమో. అయినా అంత తేడాకి అప్పట్లో ఉన్న 20 ఎలక్టోరల్ ఓట్లూ ఒక్కరికే పోయిన చోట, మనసుకు నచ్చినట్టు నొక్కేసి వచ్చే ముందు కాస్త ఆగాలి.

మూడోవాడు ఎప్పటికీ రాలేడా అంటావేమో. 1983లో పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే రామారావు గారు రాలేదూ! కాకపోతే ఆయన వచ్చేనాటికి కాంగ్రెస్‌కి ఎదురు నిలిచేంత రెండో పార్టీ ఇక్కడ లేదు. ఆ కుర్చీ ఖాళీ. మీకక్కడ రెండు కుర్చీలూ నిండి ఉన్నాయి.

నాకు బాగా నచ్చింది మా టీచర్ల ఎమ్మెల్సీ ఎన్నిక. ఊదా రంగు స్కెచ్ పెన్ చేతికిస్తారు, పేర్ల ఎదురుగా 1, 2, 3 అని వేసి రావడమే. నా మొదటి ప్రాధాన్యం ఓడిపోతే ఓటు రెండోవాళ్లకి వెళ్తుంది. దిగులే లేదు. మెయిన్ రాష్ట్రంలోనూ అధ్యక్ష ఎన్నికకి ఇలాంటి పద్ధతే ఉంది. పెన్సిల్వేనియాలో లేదు, మరి నీ ఖర్మ.

నేనైతే అక్కడ ప్రెసిడెంట్ గడిలో, ఆ ఇద్దరిలో ఎవరు గెలిస్తే నాకు తక్కువ భయమో వాళ్లకే వేస్తాను. మూడో పార్టీ మీద అంత ప్రేమ ఉంటే, మీ టౌన్‌షిప్‌కో స్కూల్ బోర్డుకో వాళ్ల తరఫున ఎవరైనా నిలబడ్డారేమో చూడు. అలాంటి చోట వందా రెండొందల ఓట్లకి లెక్క ఉంటుంది. ఎవరూ నిలబడకపోతే, నాలుగేళ్లకోసారి టీవీలో కనబడేవాళ్ల కోసం నువ్వెందుకు టెన్షన్ పడటం?

నా మాట నచ్చకపోతే నీకు తోచినట్టే చెయ్యి. బ్యాలెట్ పోస్టులో వస్తుందన్నావుగా, అల్లుడుగారి పక్కన కూర్చుని మాత్రం నింపకు. ఎవరికి వేశావో నాకూ చెప్పక్కర్లేదు. ఆ రోజు రెండో మెషీన్ మీద ఏం నొక్కానో మీ నాన్నకి నేను ఇప్పటికీ చెప్పలేదు.

మీ అమ్మ