జెమోనా, వెన్జోనే యాత్ర: జమా ఖర్చుల వివరణ

ఈశాన్య ఇటలీలోని ఫ్రియులి ప్రాంతంలో 1976లో వచ్చిన భూకంపానికి 50 ఏళ్లు నిండిన సందర్భంగా మే 10, ఆదివారం మనమంతా జెమోనా, వెన్జోనే ఊళ్లు చూసి వచ్చాం. ఊదినే, త్రియేస్తే నగరాల్లోని మన తెలుగువాళ్ల దగ్గర ఇందుకోసం వసూలైన డబ్బు లెక్క ఇది.

జమ: 28 కుటుంబాలు, ఒక్కో కుటుంబం 40 యూరోల చొప్పున 1,120. విద్యార్థులు 17 మంది, 15 చొప్పున 255. ఉగాది నాటి మిగులు 62.40. మొత్తం 1,437.40 యూరోలు.

బస్సుకు 620 అయింది. ముందు మాట్లాడుకున్నది 575. జెమోనా పెద్ద చర్చిలో ఒరిగిన స్తంభాల దగ్గర నుంచి మనవాళ్లు ఎంతకీ కదల్లేదు. ఆ ఆలస్యానికి డ్రైవర్ అదనపు గంట కింద 45 తీసుకున్నారు. బేరమాడాం, తగ్గలేదు. ఆ గంట దండగని మాత్రం కమిటీ అనుకోవడం లేదు.

గైడుకు 180. "బోర్డులు చదువుకుంటే సరిపోయేదిగా" అన్నారు కొందరు. వెన్జోనే చర్చి సంగతి మనల్ని గోడ దగ్గర నిలబెట్టి చూపిస్తే తప్ప అర్థం కాదు. 1976 మే 6 రాత్రి 9 గంటలకు వచ్చిన భూకంపంలో దాదాపు 990 మంది పోయారు. చర్చి బాగా దెబ్బతిన్నా కొంత నిలిచింది. సెప్టెంబర్ 15న మళ్లీ కంపించినప్పుడు అదీ కూలింది. ఊరివాళ్లు ఆ రాళ్లను పారేయనివ్వలేదు. వేల రాళ్లను పొలంలో పరిచి, పాత ఫొటోలతో పోల్చి, ఏది ఎక్కడిదో తేల్చి తిరిగి పేర్చారు. 1995లో చర్చి మళ్లీ తెరుచుకుంది. పిల్లలు గోడ మీద చెయ్యి పెట్టి పాత రాయేదో, కొత్త రాయేదో పందెం వేసుకున్నారు.

భోజనాలకు 231.50. పులిహోర, పెరుగన్నం, మంచినీళ్లు, పేపర్ ప్లేట్లు, అంతే.

భూకంపం గురించి మనం వేసిన తెలుగు పుస్తకం 100 కాపీల ముద్రణకు 240. ఎక్కువ అభ్యంతరాలు దీని మీదే వచ్చాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాం. ఇక్కడికి ఆరు నెలలకని వచ్చే అమ్మానాన్నలకు ఇటాలియన్ రాదు. భూమి కంపిస్తే లిఫ్టు ఎక్కకూడదని, బలమైన బల్ల కిందకు దూరాలని వాళ్లకు ఎవరో ఒకరు తెలుగులో చెప్పాలి. అప్పటి కథ కూడా అందులో ఉంది: ఇళ్లు కోల్పోయినవాళ్లను చలికాలం లిన్యానో, గ్రాదో సముద్రతీర హోటళ్లలో ఉంచడం, వసంతంలో తాత్కాలిక ఇళ్లకు తీసుకురావడం. మన విద్యార్థులు చదువుకునే ఊదినే విశ్వవిద్యాలయం కూడా 1977 నాటి పునర్నిర్మాణ చట్టంతోనే వచ్చింది. ఆ పేజీ వాళ్లు అడిగి రాయించుకున్నదే.

మొత్తం ఖర్చు 1,271.50. నిల్వ 165.90 యూరోలు.

రశీదులన్నీ కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. బస్సు అదనపు గంటకు విడిగా రశీదు ఇవ్వలేదు, మొత్తం బిల్లులోనే కలిపి రాశారు. మిగిలిన డబ్బుతో పుస్తకం ఇంకొన్ని కాపీలు వేయాలా, దసరాకు ఉంచాలా అన్నది వచ్చే సమావేశంలో తేలుద్దాం.

— కమిటీ సభ్యులు