మాయను పసుపు సంచిలో పడేశాక కారణం ఎవరు చెబుతారు?

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ జిల్లా పేజీలో చనిపోయి పుట్టిన బిడ్డ వార్త చదివాను. బంధువుల ధర్నా, స్టాఫ్ నర్సుకు మెమో, విచారణకు ఆదేశం అన్నీ రాశారు. బిడ్డ ఎందుకు చనిపోయిందో మాత్రం లేదు. తప్పు మీ విలేకరిది కాదు. కారణం చెప్పగల ఆధారాలు ఆ పూటే చెత్తలోకి పోయి ఉంటాయి.

మాయ (ప్లాసెంటా) సంగతే తీసుకోండి. తల్లి వైపు భాగానికి నల్లటి గడ్డ అంటుకుని ఉంటే మాయ ముందే ఊడిందని అనుమానించాలి. పాలిపోయి గట్టిపడ్డ మచ్చలు ఎక్కువగా ఉంటే బిడ్డకు రక్తం సరిగా అందలేదన్నమాట, తల్లి బీపీ రికార్డు తిరగేయాలి. పొరలు చెడువాసన వేస్తే ఇన్ఫెక్షన్ వైపు చూడాలి. బొడ్డుతాడు, పొరలు కత్తిరించి మాయను తూచాలి. తాడు పొడవెంతో, ముడి పడిందో లేదో రాయాలి. వెడల్పు మూతి డబ్బాలో మాయకు పది రెట్లు 10 శాతం ఫార్మలిన్ (కుళ్లకుండా ఉంచే ద్రావణం) పోసి, పరీక్షకు పాథాలజీ విభాగానికి పంపాలి. ఇరుకు సీసాలో కుక్కితే మందు లోపలికి ఇంకక మధ్యలో కుళ్లిపోతుంది. ఫార్మలిన్ అందుబాటులో లేకపోతే ఫ్రిజ్‌లో ఉంచవచ్చు, గడ్డకట్టించకూడదు. ఇంతే పని. మన లేబర్ రూముల్లో చాలాచోట్ల మాయ నేరుగా ఆస్పత్రి వ్యర్థాల పసుపు సంచిలోకి వెళుతుంది.

రెండోది, బిడ్డ ఎప్పుడు చనిపోయింది? చర్మం ఊడితే నొప్పులకు ముందే పోయిందని, ఊడకపోతే నొప్పుల్లో పోయిందని రాసేస్తారు. చర్మం ఊడడం మొదలవడానికే ఆరేడు గంటలు పడుతుంది. రిఫరల్ మీద మూడు ఆస్పత్రులు తిరిగి వచ్చిన తల్లి కడుపులో బిడ్డ దారిలోనే చనిపోయినా చర్మం మామూలుగానే ఉండవచ్చు. అందుకే చేర్చుకున్న క్షణంలో గుండె చప్పుడు విని, అంకె, సమయం కేస్ షీట్‌లో రాయాలి. ఆ ఒక్క వరుస లేకపోతే దారిలో జరిగిన ఆలస్యమా, వార్డులో జరిగిన నిర్లక్ష్యమా ఎవరూ తేల్చలేరు. నిందను మాత్రం ఆ రోజు డ్యూటీలో ఉన్న నర్సు మోస్తుంది.

నొప్పుల్లో ఉన్నంతసేపు అరగంటకోసారి, ముక్కే దశలో ఐదు నిమిషాలకోసారి, నొప్పి తగ్గిన వెంటనే నిమిషం పాటు గుండె చప్పుడు వినాలి. 110 నుంచి 160 మధ్య ఉండాలి. ఒకే నర్సుకు అన్ని మంచాలూ అప్పగించి, పక్కన నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ డ్రిప్ చుక్కలు లెక్కపెట్టకుండా వదిలేసి, కాన్పు అయ్యాక పార్టోగ్రాఫ్ (నొప్పుల తీరును ఎప్పటికప్పుడు గీసే చార్టు) నింపించుకుంటే ఆ గీతలు తనిఖీకి పనికొస్తాయి, బిడ్డకు కాదు. ఐక్యరాజ్యసమితి 2020 నివేదిక ప్రకారం ఏటా ప్రపంచంలో దాదాపు 20 లక్షల మంది చనిపోయి పుడుతున్నారు, వారిలో 40 శాతానికి పైగా నొప్పులు మొదలయ్యాక పోయినవారే. అంటే ఆస్పత్రికి వచ్చేసరికి బతికున్న బిడ్డలు వీరిలో ఎందరో ఉన్నారు.

నొప్పులకు ముందే పోయిన బిడ్డల జాడ తల్లి కార్డులో దొరకాలి. ప్రతి విజిట్‌లోనూ 120/80 అని ఒకే అంకె కనిపిస్తే అది కొలిచిన బీపీ అని నేను నమ్మను. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చేసే షుగర్ పరీక్ష మొదటి విజిట్‌లో ఒకసారి, 24-28 వారాల్లో మరోసారి చేయాలి. రెండోది ఎగిరిపోతోంది. కడుపులో బిడ్డకూ సోకే సుఖవ్యాధి సిఫిలిస్‌ను తొలి దశలో పట్టుకుంటే 24 లక్షల యూనిట్ల బెంజతీన్ పెన్సిలిన్ ఒక్క ఇంజెక్షన్ చాలు. ఎనిమిదో నెలలో కిట్ వచ్చాక పరీక్షిస్తే బిడ్డకు ఏం మేలు?

పేద దేశాల్లో కారణాలు తెలుసుకోలేమని అనే అధికారులు కర్ణాటకలోని దావణగెరె దాకా వెళ్లి చూడవచ్చు. అక్కడా, పాకిస్తాన్‌లోని కరాచీలోనూ పరిశోధకులు తల్లిదండ్రుల అనుమతితో మాయను పరీక్షించారు. బిడ్డను కోయకుండా సూదితో అవయవాల నుంచి చిన్న ముక్కలు తీసి చూశారు. ఎక్కువ మంది గర్భంలో ఆక్సిజన్ అందక చనిపోయారని తేలింది.

ఇక లెక్కలు. ఎన్ని వారాల గర్భం నుంచి చనిపోయి పుట్టినట్టు లెక్కించాలంటే, జనన మరణాల రిజిస్ట్రేషన్‌కు 28 వారాలు, కేంద్రం 2016 మార్గదర్శకాలకు 20 వారాలు. ఏ రిజిస్టర్‌లో ఏది రాయాలో అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. చనిపోయి పుట్టే బిడ్డల సంఖ్యను 2030కల్లా వెయ్యి కాన్పులకు ఒంటి అంకెకు తేవాలన్నది జాతీయ లక్ష్యం. నమూనా సర్వేలో ఇప్పటికే ఒంటి అంకె చూపిస్తుంటే, 2019కి ఐక్యరాజ్యసమితి అంచనా దాదాపు 14. నమోదు కాని బిడ్డలతో లక్ష్యం సాధించామని చెప్పుకోవడం నాకు సహించరానిది. తల్లి చనిపోతే కలెక్టర్ స్థాయిలో సమీక్ష ఉంది. తొమ్మిది నెలలు మోసిన బిడ్డ పోతే ఫారం 3లో (చనిపోయి పుట్టిన బిడ్డను నమోదు చేసే పత్రం) ఒక వరుసతో సరిపెడుతున్నారు.

కలెక్టర్ గారు ఒక్క సర్క్యులర్ ఇస్తే చాలు: ప్రతి లేబర్ రూమ్‌లో తూకం, ఫార్మలిన్ డబ్బాలు, చేర్చుకునేటప్పుడు గుండె చప్పుడు రాసే గడి, బోధనాసుపత్రి పాథాలజీకి వారానికి రెండుసార్లు వాహనం. వచ్చే నెల సమీక్షలో ఎంతమంది చనిపోయి పుట్టారన్న దానితో పాటు, ఎందరి మాయ రిపోర్టు వచ్చిందో కూడా అడగాలి.

— రిటైర్డ్ ప్రసూతి వైద్యురాలు, ఖమ్మం