ముందు ఎండ్యూరెన్స్, తర్వాతే మిగతావన్నీ

నల్లగొండ,
ఆదివారం రాత్రి

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. మహబూబ్‌నగర్‌లో గది దొరికిందని, ఇంటావిడ మంచిదని, సాయంత్రాలు ఖాళీ దొరుకుతోందని చదివి చాలా సంతోషించాను. ఆ ఖాళీలో పాత ల్యాప్‌టాప్ మీద ఆబ్లివియన్ అనే కంప్యూటర్ ఆట మొదలుపెట్టావని చదివాక మాత్రం కుర్చీలో కూర్చోలేకపోయాను. నాకు అంత ఇష్టమైన ఆట ఇన్నాళ్లకు నీ చేతికి వచ్చింది! అందుకే ఇంటి కబుర్లు వెనక్కి నెట్టి ముందు నీ ప్రశ్నకే జవాబు రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపికగా చదువు.

నువ్వు రాసింది ఇదీ: మొదట్లో అన్నీ సులువుగా ఉన్నాయి, ఇప్పుడు 17వ లెవెల్‌కు వచ్చాక రోడ్డు మీద ఎదురైన దొంగ కూడా నిన్ను నాలుగు దెబ్బల్లో పడగొడుతున్నాడు. ‘లెవెల్ పెరిగితే బలం పెరగాలి కదా, నాకెందుకు తగ్గుతోంది?’ అని అడిగావు. నీ ఆటలో లోపమేమీ లేదురా. ఈ ఆటలో లోకమంతా నీతోపాటే పెరుగుతుంది. నువ్వు చిన్న లెవెల్‌లో ఉన్నప్పుడు తోలు చొక్కాతో వచ్చిన దొంగ, నీ లెవెల్ పెరిగేసరికి గ్లాస్ కవచం తొడుక్కుని వస్తాడు. అంత ఖరీదైన కవచం వేసుకుని నిన్ను అడిగేది 100 బంగారు నాణేలే! గోబ్లిన్ల నాయకుడి ప్రాణం కూడా నీ లెవెల్‌ను బట్టే పెరుగుతూ పోతుంది. కాబట్టి లెవెల్ పెరగడమే లాభం అనుకోకూడదు. ఒక్కో లెవెల్‌తో నువ్వు ఎంత సంపాదించుకున్నావన్నదే లెక్క.

ఆ లెక్క ఎలా నడుస్తుందో ముందు చెప్తాను. స్కిల్స్, అంటే నైపుణ్యాలు, మొత్తం 21. వాటిలో ఏడింటిని నీ క్లాస్ (పాత్ర వృత్తి) కోసం మేజర్‌గా ఎంచుకుంటావు, మిగతా 14 మైనర్. మేజర్ స్కిల్స్ అన్నీ కలిపి 10 పాయింట్లు పెరిగితే, మంచం మీద పడుకుని లేచాక ఒక లెవెల్ పెరుగుతుంది. అప్పుడు ఎండ్యూరెన్స్ (దెబ్బలు తట్టుకునే శక్తి), స్ట్రెంగ్త్ (బలం) లాంటి ఎనిమిది గుణాల్లో మూడింటిని పెంచుకోమంటుంది. ఎంత పెరుగుతుందన్నది ఆ లెవెల్‌లో ఆ గుణానికి చెందిన స్కిల్స్ ఎన్ని పాయింట్లు పెరిగాయో చూసి నిర్ణయిస్తుంది. ఒక్కటీ పెరగకపోతే +1. ఒకటి నుంచి నాలుగు దాకా అయితే +2, ఐదు నుంచి ఏడు అయితే +3, ఎనిమిది తొమ్మిదికి +4, పదికి చేరితే +5. అంతకు మించి ఎంత కష్టపడ్డా +5 దాటదు. ఈ లెక్కలోకి మేజర్, మైనర్ రెండూ వస్తాయి. కీలకం ఇక్కడే ఉంది. మైనర్ స్కిల్ పెరిగితే గుణానికి బోనస్ వస్తుంది, లెవెల్ మాత్రం కదలదు.

ఇప్పుడు నీ సంగతి చూద్దాం. అథ్లెటిక్స్, ఆక్రోబాటిక్స్ రెండూ మేజర్‌లో పెట్టానని రాశావు. ఊరి నుంచి ఊరికి పరుగెత్తడం, గంతులు వేయడం నీకు సరదా. పరుగెత్తిన ప్రతిసారీ అథ్లెటిక్స్ పెరిగింది, గెంతిన ప్రతిసారీ ఆక్రోబాటిక్స్ పెరిగింది, వాటితో లెవెల్ పెరిగింది. కత్తి మాత్రం ఉన్నచోటే ఉంది. పెరిగిన శత్రువుల ముందు పెరగని కత్తితో నిలబడ్డావు. ఇంత ముఖ్యమైన విషయాన్ని ఆట ఎక్కడా విడమరిచి చెప్పదు. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక అసలు మాటకు వస్తాను. ఈ ఉత్తరంలో ఒక్క వాక్యమే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకో: ఎండ్యూరెన్స్‌ను మొట్టమొదట పెంచు. కారణం చెప్తాను. లెవెల్ పెరిగిన ప్రతిసారీ నీ హెల్త్‌కు ఎండ్యూరెన్స్‌లో పదో వంతు చేరుతుంది. దాటిపోయిన లెవెళ్లకు ఆ వాటా మళ్లీ లెక్కగట్టి ఇవ్వరు. నీ ఇంపీరియల్ జాతి మగ పాత్ర ఎండ్యూరెన్స్ 40తో మొదలవుతుంది. మొదటి 12 లెవెళ్లలో ప్రతిసారీ +5 తీసుకుని దాన్ని 100కి చేర్చినవాడిని, ఆ 12 లెవెళ్లూ 40 దగ్గరే ఉంచి తర్వాతి 12 లెవెళ్లలో 100కి చేర్చినవాడిని పక్కపక్కన నిలబెట్టు. చివరికి ఇద్దరి లెవెల్ ఒకటే, ఎండ్యూరెన్స్ ఒకటే. కానీ రెండోవాడికి హెల్త్ 72 తక్కువ. కాగితం మీద కూడి చూశాను, నువ్వూ కూడి చూడు. ఆ 72 తర్వాత ఏం చేసినా తిరిగి రాదు. మన వైపు బత్తాయి రైతు, లేత చెట్టుకు తొలి ఏళ్లలో వచ్చిన పూతను తుంచేస్తాడు చూడు, ముందు చెట్టు గట్టిపడాలని. ఇదీ అంతే. ఇంటెలిజెన్స్ విషయంలో ఈ తొందర అక్కర్లేదు. మ్యాజికా, అంటే మంత్రాలకు ఖర్చయ్యే శక్తి, ఎప్పుడూ ఇంటెలిజెన్స్‌కు రెండింతలే కాబట్టి దాన్ని ఆలస్యంగా పెంచినా పోయేదేమీ లేదు.

అందుకని నా సలహా, ఈ పాత్రను పక్కన పెట్టి కొత్తది మొదలుపెట్టు. బాధపడకు, 17 లెవెళ్లు ఆడి నేర్చుకున్నదంతా నీ దగ్గరే ఉంటుంది. జైలు నుంచి మురుగు కాలువల దారిన బయటపడే చోట, చివరి గుమ్మం దగ్గర ఆట నిన్ను ఆపి జాతి, క్లాస్, జన్మ నక్షత్రం అన్నీ మార్చుకుంటావా అని అడుగుతుంది. ఆ గుమ్మం ముందు సేవ్ చేసుకుని ఆ ఫైల్‌ను ఎప్పటికీ దాచుకో. ఎన్ని పాత్రలు మొదలుపెట్టినా జైలు భాగం మళ్లీ ఆడనక్కర్లేదు.

క్లాస్ నువ్వే సొంతంగా తయారు చేసుకో. ప్రత్యేకత కంబాట్, ఇష్ట గుణాలు ఎండ్యూరెన్స్, స్ట్రెంగ్త్ పెట్టు. రెంటికీ మొదట్లోనే 5 కలుస్తాయి, అంటే ఎండ్యూరెన్స్ 45. మేజర్‌లో బ్లేడ్, అంటే కత్తి స్కిల్, తప్పకుండా ఉండాలి. లెవెల్‌ను అదుపులో ఉంచడానికి ముఖ్యమైన ఆయుధాన్నే మైనర్‌లో పెట్టేవాళ్లు ఉన్నారు. నాకది నచ్చదు. నువ్వు ప్రేమించే కత్తి మొదటి రోజు నుంచి నీ చేతిలో పదునుగా ఉండాలి. బ్లేడ్‌తోపాటు రెస్టొరేషన్ (వైద్య మంత్రాలు), ఆల్కెమీ (మందులు కాచడం), మార్క్స్‌మన్ (విలువిద్య), కాంజురేషన్ (ప్రాణుల్ని రప్పించే మంత్రాలు) పెట్టుకో, మిగతా రెండు నీ ఇష్టం. అథ్లెటిక్స్, ఆక్రోబాటిక్స్ మాత్రం మైనర్‌లోకి దించు. ఎండ్యూరెన్స్‌కు చెందిన మూడు స్కిల్స్, అంటే ఆర్మరర్ (ఆయుధాలు, కవచాలు బాగుచేయడం), బ్లాక్ (డాలుతో దెబ్బ ఆపడం), హెవీ ఆర్మర్ (బరువైన కవచం) కూడా మైనర్‌లోనే ఉంచు. 45 నుంచి 100కి పోవడానికి +5 పదకొండు సార్లు కావాలి, అంటే ఈ మూడింట్లో కలిపి 110 పాయింట్లు. మూడూ కింది నుంచి మొదలవుతాయి కాబట్టి అందుకు చోటు బోలెడంత ఉంది.

ఇప్పుడు ఒక నోట్‌బుక్ తీసుకుని ఒక్క లెవెల్‌కు ఒక్క పేజీ కేటాయించు. నా పేజీ ఒకటి ఇక్కడ దింపుతాను. ఎండ్యూరెన్స్ వైపు బ్లాక్ 4, హెవీ ఆర్మర్ 3, ఆర్మరర్ 3: మొత్తం పది. స్ట్రెంగ్త్ వైపు బ్లేడ్ 6, బ్లంట్ 4: అదీ పది. మేజర్ లెక్క చూస్తే బ్లేడ్ 6, రెస్టొరేషన్ 2, ఆల్కెమీ 2: అక్కడా పదే. పడుకుని లేస్తే ఎండ్యూరెన్స్ +5, స్ట్రెంగ్త్ +5, మూడోది లక్. లక్‌కు ఏ స్కిల్‌తోనూ సంబంధం లేదు, ఎప్పుడు తీసుకున్నా +1 మాత్రమే, అయినా ప్రతి లెవెల్‌లోనూ తీసుకో. ఒక్క జాగ్రత్త: మైనర్‌వి ముందు పూర్తి చేసి, మేజర్‌లో పదో పాయింట్‌ను చివరికి వదిలిపెట్టు. బ్లంట్ నాలుగూ గద పట్టుకుని తిరగకుండానే వస్తాయి. శిక్షకుల దగ్గర ఒక లెవెల్‌కు ఐదు పాఠాలు కొనుక్కోవచ్చు, వాటిని ఇలాంటి వాటికే వాడు. డబ్బు చాలదంటావా? కనిపించిన ప్రతి తోటలోనూ ఏరిన కాయగూరలతో మందులు కాచి అమ్ము. ఆల్కెమీ పెరుగుతుంది, జేబూ నిండుతుంది.

ఆ ఎండ్యూరెన్స్ పది ఎలా వస్తాయో కూడా చెప్తాను, నాకు ఈ భాగమంటే చాలా ఇష్టం. ఇంపీరియల్ సిటీ చుట్టూ రుమారే సరస్సు ఉంది కదా, ఆ గట్టు మీద మడ్‌క్రాబ్‌లు తిరుగుతుంటాయి, పెద్ద పీతలు. ఒకదాని దగ్గరికి ఉక్కు కవచం తొడుక్కుని వెళ్లి డాలు ఎత్తి నిలబడు. అది కొట్టిన ప్రతి దెబ్బా డాలుకు తగిలి బ్లాక్ పెరుగుతుంది. నాలుగు పాయింట్లు కాగానే డాలు దించెయ్. దెబ్బలు కవచం మీద పడతాయి, హెవీ ఆర్మర్ పెరుగుతుంది. హెల్త్ తగ్గితే మొదటి నుంచీ నీ దగ్గరున్న చిన్న వైద్య మంత్రం వేసుకో, అది రెస్టొరేషన్‌కు పనికొస్తుంది. చివరికి పీతను వదిలి కాస్త దూరం జరిగి సంచి తెరిచి చూడు. డాలు, కవచం, శిరస్త్రాణం అన్నీ దెబ్బతిని ఉంటాయి. సుత్తులు తీసి ఒక్కొక్కటే బాగుచెయ్, ఆర్మరర్ పెరుగుతుంది. ఒక్క పీత మూడు స్కిల్స్‌నూ సాకింది చూశావా! సుత్తులు మాత్రం ఎక్కువగా కొనుక్కుని ఉంచుకో, మొదట్లో టపటపా విరుగుతాయి. ఆర్మరర్ 25 దాటాక రెట్టింపు కాలం ఆగుతాయి. 50 దాటితే మంత్రం ఉన్న కత్తుల్ని కూడా నువ్వే బాగుచేసుకోవచ్చు.

అలాగని ప్రతి లెవెల్‌లోనూ మూడు +5 కోసం ప్రాణం పెట్టొద్దు. లెక్క చెప్తాను విను. లక్ కాక మిగిలిన ఏడు గుణాలూ సుమారుగా 40 నుంచి 100కి పోవాలంటే ఒక్కోదానికి పన్నెండు చొప్పున +5 మొత్తం 84 సార్లు కావాలి. లెవెల్‌కు మూడు తెచ్చుకుంటే 28 లెవెళ్లు, రెండు తెచ్చుకుంటే 42. కానీ నీకు ఏడూ ఎందుకు? పర్సనాలిటీని వదిలెయ్. ఇంపీరియల్ కాబట్టి దానిలో 50తో మొదలవుతావు, కత్తి పట్టినవాడికి అది చాలు. మూడో +5 కోసం ఇంకో పది పాయింట్లు వెతుక్కుంటూ తిరిగితే, ఆ సాయంత్రం ఒక గుహ చూడకుండా, ఒక కథ వినకుండా పోతుంది. నా పద్ధతి 5, 5, 1. ఎండ్యూరెన్స్, స్ట్రెంగ్త్ నిండాక ఆ రెండు స్థానాల్లోకి ఎజిలిటీ, విల్‌పవర్ వస్తాయి, ఆ తర్వాత స్పీడ్, ఇంటెలిజెన్స్.

లెవెల్ తక్కువగా ఉంటే శత్రువులూ బలహీనంగా ఉంటారు కదా, అసలు పడుకోకుండానే ఆడితే పోలేదా అని నీకు తప్పకుండా తోస్తుంది. ఆడొచ్చు, ఆడినవాళ్లూ ఉన్నారు. కానీ డేడ్రా దేవతల గుడుల్లో కొన్ని పనులకు లెవెల్ కావాలి. బోథియా గుడిలో నీకు పని అప్పగించాలంటే 20వ లెవెల్ ఉండాలి. అక్కడ దొరికే గోల్డ్‌బ్రాండ్ కత్తి చూడకుండా ఈ ఆట ముగిస్తే నేను ఊరుకోను! ఇంకో మాట, కొన్ని బహుమతుల బలం ఆ పని ముగించిన రోజు నీ లెవెల్‌ను బట్టి ఉంటుంది, తర్వాత పెరగదు. పేరున్న ఆయుధం వస్తుందని తెలిసిన పనుల్ని కాస్త ఆలస్యంగా ముట్టుకో. క్వాచ్ పట్టణాన్ని కాపాడే పని మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం, దాన్ని లెవెల్ తక్కువగా ఉన్నప్పుడే ముగించు. ఆలస్యం చేసినకొద్దీ అక్కడ తెరుచుకున్న ఆబ్లివియన్ ద్వారం లోపలా, పట్టణంలోనూ పెద్ద పెద్ద డేడ్రా రాక్షసులు ఎదురవుతారు, పాపం నీ వెంట ఉన్న సైనికులు ఒక్కొక్కరే రాలిపోతారు. వాళ్లను బతికించుకోవడంలో ఉన్న తృప్తి వేరు.

2025 ఏప్రిల్‌లో వచ్చిన కొత్త రీమాస్టర్డ్ ఆటలో ఈ తంటా చాలావరకు పోయింది. లెవెల్‌కు 12 పాయింట్లు చేతికిస్తారు, మూడు గుణాలకు పంచుకోవచ్చు, ఒక్కోదానికి ఐదు దాకా. లక్‌కు ఒక్కటి కలపాలంటే నాలుగు పాయింట్లు పెట్టాలి. మైనర్ స్కిల్స్ కూడా లెవెల్‌కు లెక్కవుతాయి. హాయిగా ఉందనే చెప్తాను. కానీ నీ ల్యాప్‌టాప్ దాన్ని మోయలేదు. పైగా నాకు 2006 నాటి ఈ ఆటలో నోట్‌బుక్ పక్కన పెట్టుకుని లెక్కలు వేసుకోవడంలోనే రుచి ఉంది. రేపు ఏ స్కిల్‌కు ఎంత అని పడుకునే ముందు ఆలోచించుకోవడం కూడా నాకు ఆటలో భాగమే.

ఇక్కడ అంతా క్షేమం. ఎండలు మొదలయ్యాయి, మధ్యాహ్నమైతే క్లాక్ టవర్ దగ్గర మనిషి కనిపించడు. పోయిన వారం పానగల్లు వెళ్లి ఛాయా సోమేశ్వరుడిని చూసి, ఉదయసముద్రం కట్ట మీద చీకటి పడేదాకా కూర్చుని వచ్చాను. నువ్వుంటే బాగుండేది అనిపించింది. అమ్మ నీకు బత్తాయిలు పంపుతానంటోంది, జడ్చర్ల వైపు వచ్చేవాళ్లెవరైనా ఉంటే ఇచ్చి పంపుతాను. మీ ఇంటావిడకూ నాలుగు ఇవ్వు.

కొత్త పాత్ర తయారుచేశాక మురుగు కాలువల చివరి గుమ్మం దాటకముందే నీ ఏడు మేజర్ స్కిల్స్ జాబితా రాసి పంపు. ఏ గుణానికి ఎక్కడి నుంచి పది పాయింట్లు వస్తాయో చూసి, మార్చాల్సినవి ఉంటే వెంటనే చెప్తాను. అంతదాకా పాత పాత్రతో రుమారే గట్టుకు వెళ్లి పీతల మీద సాధన చెయ్, డాలు ఎప్పుడు ఎత్తాలో చేతికి అలవాటవుతుంది.

నీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
నీ మిత్రుడు