ఐసు బండి అన్నయ్యకి

మొన్న తెల్లవారుజామున మా తమ్ముణ్ణి కాపాడిన ఐసు బండి డ్రైవరన్నయ్యా, మీ పేరు అడగాలన్న ధ్యాస కూడా అప్పుడు మాకు లేదు. పశ్చిమ గోదావరి జిల్లాలోని ఉండి, ఆకివీడు వైపు రొయ్యల పట్టుబడులకి (చెరువుల్లో రొయ్యలు పట్టే చోటికి) ఐసు తోలేవాళ్ళు ఎవరైనా ఇది చూస్తే దయచేసి ఆయనకి చదివి వినిపించండి. రెండు రాత్రులుగా నిద్ర లేదు, తప్పులుంటే మన్నించండి.

కబడ్డీ ఆడాక ఒళ్ళు నొప్పులకని వాడు ఐసు నీళ్ళలో కూర్చుంటాడు. 200 లీటర్ల నీలం డ్రమ్ము, అందులో 120 లీటర్ల నీళ్ళు. 26 డిగ్రీల నీళ్ళు 14కి దిగాలంటే 15 కిలోల ఐసు చాలు, 30 వేస్తే 5 దగ్గరికి పోతాయి. వేసింది 30. ఉండాల్సింది రెండు మూడు నిమిషాలు, ఉన్నది పావుగంట. పక్కన మనిషి లేడు. పైగా నిలువు డ్రమ్ము, వేళ్ళు మొద్దుబారాక అంచు పట్టు దొరకదు.

మాకు ఐసు దింపి వెళ్ళి, గోనెపట్టాల కోసం వెనక్కి వచ్చిన డ్రైవరన్నయ్య చూశారు. మేం చంకల కింద చేతులేసి పైకి లాగబోతే, "నిలబెట్టకండమ్మా, కళ్ళు తిరిగి పడిపోతాడు" అని డ్రమ్మునే పక్కకి ఒరగదోసి, నీళ్ళతో పాటే మనిషిని మెల్లగా బరకం మీదికి జార్చారు. చుట్టూ ఉన్న నీళ్ళ ఒత్తిడి ఒక్కసారిగా పోతే రక్తం కాళ్ళలోకి దిగి బీపీ పడిపోతుంది, అందుకే అలా పడుకోబెట్టే తియ్యాలి. అమ్మ అరికాళ్ళకి శొంఠిపొడి రుద్దబోయింది, నేను స్నానానికి వేణ్ణీళ్ళు పెట్టాను. రెండూ ఆపారు. కాళ్ళూ చేతులూ ముందు వేడెక్కితే అక్కడి చల్లని రక్తం గుండెకి చేరుతుంది. నీళ్ళలోంచి వచ్చాక కూడా అరగంట దాకా లోపలి వేడి తగ్గుతూనే ఉంటుందిట. తడి బట్టలు తీసేసి, పొడి దుప్పటి ముందు ఛాతీకీ పొట్టకీ చుట్టారు. తన మంకీ టోపీ తీసి వాడి తలకి తొడిగారు. రొయ్యల వాసన కొట్టే ఆ టోపీ, ఐసుకి పగిలి పాలిపోయిన ఆ వేళ్ళు, కళ్ళు మూస్తే అవే కనిపిస్తున్నాయి. "రెండో ఎక్కం చెప్పు తమ్ముడూ" అంటూ ముప్పావుగంట పక్కనే కూర్చున్నారు. మాట ముద్దగా వస్తున్నంతసేపూ గుక్కెడు కూడా తాగించనివ్వలేదు. ఎక్కం తేటగా అప్పజెప్పాకే పంచదార వేసిన గోరువెచ్చని పాలు పట్టమన్నారు. ఐసు డబ్బులు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నారు. పట్టుబడి దగ్గర ఆలస్యానికి మాట పడే ఉంటారు. అది తలుచుకుంటే ఏడుపు ఆగట్లేదు అన్నయ్యా.

అమ్మానాన్నలకీ మా ఆయనకీ వేరే థాంక్స్ చెప్పేదేముంది, మనవాళ్ళు.

ఆసుపత్రి వాళ్ళని ఒక్క మాట మాత్రం అడగాలి. అంబులెన్సు వచ్చేసరికి గంట దాటింది. ఆసుపత్రిలో థర్మామీటరు 94 ఫారెన్‌హీట్ దగ్గరే ఆగిపోయింది, మామూలు పాదరసంవి అంతకంటే కింద చూపించవు. 95 కంటే తగ్గితేనే కదా ప్రమాదం మొదలయ్యేది! ఐసు నీళ్ళలో చేతులు పెట్టి బతికేవాళ్ళు ఇంతమంది ఉన్న చోట, తక్కువ వేడిని కొలిచేది ఒక్కటి కొనలేరా?

అయ్యో, డ్రమ్ము ఒరగదోసినప్పుడు అవతలి వైపు పట్టింది క్లీనరు కుర్రాడు, వాడికీ చాలా థాంక్స్. రాత్రి డ్యూటీ నర్సమ్మగారికి కూడా. మేత కొట్టు బాబాయ్ గారూ, మీ దుప్పట్లు రెండు ఇంకా మా దగ్గరే ఉన్నాయి, ఉతికి రేపు పంపిస్తాను.