ఊరచెరువులో ఈతకు ఒక రేవు కేటాయించాలి

సంపాదకులు గారికి,

వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయి. గోదావరి డెల్టా కాలువలకు నీళ్లు ఆపేయగానే, అంతవరకు కాలువల్లో ఈదిన పిల్లలంతా ఊరచెరువుల దారి పడతారు. పంచాయతీలు చాలాచోట్ల గట్టున ‘ఈతకు దిగరాదు’ అని బోర్డు పెట్టి ఊరుకుంటున్నాయి. మంచినీటి చెరువుకు ఆ నిషేధం ఉండాల్సిందే. అయితే 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి కాలువలు, బోదెల మధ్యనే బతుకుతున్న ఈ ప్రాంతంలో పిల్లలను నీటికి దూరంగా ఉంచడం అయ్యే పని కాదు. ప్రతి ఊళ్లోనూ వాడుక చెరువుకు ఒక రేవును ఈతకు కేటాయించి, పెద్దల కాపలాలో మాత్రమే దిగనివ్వడం మేలు.

మన చెరువుల్లో అసలు ప్రమాదం అడుగున ఉంది. ఇళ్ల స్థలాల మెరకకు పొక్లెయిన్‌తో మట్టి తీసిన చోట, రేవు మెట్లు దిగాక కొంతదూరం మొలలోతు నీరే ఉంటుంది, ఆ పక్క అడుగే నిలువు గోతిలో పడుతుంది. నీరు మట్టిరంగులో ఉండడంతో పైకి తేడా తెలియదు. గోతి అంచున మెత్తటి ఒండ్రు జారిపోతుంటే కాలికి పట్టు దొరకదు. గుర్రపు డెక్క, తామర తూడులు కాళ్లకు చుట్టుకుంటే ఈత వచ్చినవాడు కూడా కంగారుపడతాడు. పూడిక తీసే రోజుల్లోనే ఈ గోతులు కళ్లకు కనబడతాయి కనుక, అప్పుడే రేవు ముందు అడుగును ఏటవాలుగా సరిచేయించి, లోతు మొదలయ్యే చోట వెదురు గెడలు పాతి మోకు కట్టించాలి. దీనికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు. బంగ్లాదేశ్ పల్లెల్లో చెరువుల్లోనే వెదురు మంచెలు కట్టి పిల్లలకు ఈత నేర్పుతున్నారు. మనకూ వెదురుకు, ఈత వచ్చిన పెద్దలకు కొదవ లేదు.

మునిగిపోయేవారు చాలాసార్లు కేక కూడా వేయలేరన్నది తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి. స్నేహితుణ్ణి కాపాడబోయి వెంటనే దూకిన పిల్లలు కూడా ప్రాణాలు పోగొట్టుకోవడం ఎంతో బాధాకరం. గెడ గానీ, చీర గానీ, మూత బిగించిన ఖాళీ డబ్బా గానీ అందించాలే తప్ప నీటిలోకి దూకకూడదని బడిలోనే చెప్పాలి. ఒడ్డుకు చేర్చిన మనిషిని తలకిందులు చేసి తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం ఇప్పటికీ చూస్తున్నాం. ఊపిరి ఆగిన కొద్ది నిమిషాల్లోనే మెదడు దెబ్బతింటుంది గనుక ఆ వృథా ప్రయాస ప్రాణాంతకం. వెంటనే నోటితో ఊపిరి ఊదుతూ, ఛాతీ నొక్కుతూ, మరొకరి చేత 108కు ఫోన్ చేయించాలి.

ఈ పద్ధతిని సెలవులు ఇచ్చేలోపే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బంది చేత చెరువు గట్లపై ఉండే కుటుంబాలకు, చేపలు పట్టేవారికి, ఊరి యువకులకు నేర్పించాలని, ప్రతి రేవు దగ్గర ఒక పొడవాటి గెడ, తాడు, గాలి నింపిన లారీ ట్యూబు ఎప్పుడూ అందుబాటులో ఉంచాలని గ్రామ పంచాయతీలను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కోనసీమ