బుట్వల్ టీకొట్టు దిదీకి

అమ్మ ఇప్పుడే పెరుగన్నం తిని పడుకుంది. తెనాలి చేరి ఇంకా ఒక రోజు కూడా కాలేదు, కళ్ళు మూస్తే బస్సు కదులుతున్నట్టే ఉంది. నిద్రపోయి లేచాక రాద్దామనుకున్నాను. కానీ ఇంటి పనుల్లో పడితే ఈ మాటలు ఇక చెప్పలేనేమోనని ఇప్పుడే కూర్చున్నాను. తప్పులుంటే క్షమించండి.

నేపాల్‌లోని ముక్తినాథ్ చూడాలని అమ్మకి ఇరవై ఏళ్ళ కోరిక. వైష్ణవుల 108 దివ్యదేశాల్లో సాలగ్రామం అంటే అదే. 3,700 మీటర్ల పైన, ఆ చలిలో, 108 ధారల కిందా తల పెట్టి వచ్చింది. అక్కడ ఏమీ కాలేదు. అయింది కిందికి దిగాక, బుట్వల్‌లో.

మనవాళ్ళ బస్సులన్నీ బుట్వల్ మీదుగానే వెళ్తాయి. టీ తాగడానికి ఆగి, పావుగంటలో కదిలిపోతాయి. సరిహద్దులోని సునౌలీ నుంచి పోఖరా వెళ్ళే సిద్ధార్థ రాజమార్గం, తూర్పు పడమరలుగా నేపాల్ పొడుగునా పోయే మహేంద్ర రాజమార్గం కలిసేది అక్కడే. అందుకే దాన్ని బస్సు మారే ఊరుగానే చూస్తారు. అక్కడ రెండు రోజులు ఉందామన్నది నా పట్టుదలే. తినావు నది కొండల సందులోంచి బయటపడి మైదానంలోకి పరుచుకునే చోటు అది. ఉత్తరం వైపు చూస్తే పచ్చటి గోడలా కొండ, దక్షిణం వైపు చూస్తే చదునుగా తరాయి మైదానం. ఒక ఊళ్ళోనే రెండు దేశాలు చూసినట్టుంటుంది.

మొదటి రోజు జీత్‌గఢీ ఎక్కాం. 1815లో ఉజీర్ సింగ్ థాపా మనుషులు ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని నిలబెట్టి వెనక్కి పంపిన కోట. ఫూల్‌బారీలో పాల్పా సేన రాజుల చలికాలపు మహలు మిగిలిన గోడలు చూశాం. సాయంత్రం వేలాడే వంతెన దాటి ఒక చిన్న టీకొట్లో కూర్చున్నాం. కొట్టు నడిపే దిదీ (అక్కడ అక్కని అలా అంటారు) పెనం మీద బారా వేసి పెట్టింది. అమ్మ తుంచి నోట్లో పెట్టుకుని, "ఇవి మన మినప రొట్టెలే కదే" అంది. టీ డబ్బులకి మా దగ్గర చిల్లర లేకపోతే, రేపిద్దురులే అని చెయ్యి ఊపేసింది.

మర్నాడు శనివారం. నేపాల్‌లో అది సెలవు రోజు. పొద్దున్నే సిద్ధబాబా గుడికి వెళ్ళాం. మొక్కు తీరినవాళ్ళు అక్కడ పావురాలని జంటగా తెచ్చి వదులుతారు. అవి రెక్కలు కొట్టుకుంటూ నది మీదికి లేస్తుంటే అమ్మ చాలాసేపు తలెత్తి చూస్తూ నిలబడింది. రాత్రి నుంచి విరేచనాలవుతున్న సంగతి మాకు చెప్పలేదు. చెబితే దర్శనం మానిపిస్తామని.

తిరిగొచ్చేటప్పుడు వంతెన మధ్యలో తీగ పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. పిలిస్తే పలకలేదు. నేను అరిచాననుకుంటా. కొట్టులోంచి ఆవిడ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఇద్దరం అమ్మని లేపి తెచ్చి బల్ల మీద పడుకోబెట్టాం. జీవన్‌జల్ అనే ఓఆర్ఎస్ పొట్లం చించి నీళ్ళలో కలిపి చెంచాతో పట్టడం మొదలుపెట్టింది. తడి గుడ్డతో అరికాళ్ళు తుడిచింది. వాంతి అయితే ముక్కు మూసుకోలేదు, తన పమిట కొంగుతోనే అమ్మ మూతి తుడిచింది. తర్వాత కొట్టు షట్టర్ దింపి, సిటీ సఫారీ అని పిలిచే బ్యాటరీ రిక్షా ఆపి, మాతోపాటు ఎక్కింది. శనివారం గుడికొచ్చే జనంతో ఆమెకి వారం మొత్తం మీద బేరం ఉండే రోజు అదేనని తర్వాత తెలిసింది.

ఆసుపత్రి సంగతి చెప్పకుండా ఉండలేను. ముందు డిపాజిట్ కట్టమన్నారు, అదీ నేపాలీ నోట్లే. డబ్బు మార్చే కొట్లకి శనివారం సెలవు. కార్డు గీస్తే ఓటీపీ నా ఇండియా నంబరుకి వెళ్తుంది, ఆ సిమ్ అక్కడ పనిచెయ్యదు. అమ్మ స్ట్రెచర్ మీద ఉంది, నేను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను, నలభై నిమిషాలు. ప్రయాణం ముందు బీమా కూడా చేయించాం. ఆ కంపెనీకి ఫోన్ చేస్తే ఫారం మెయిల్ చెయ్యండి, సోమవారం చూస్తాం అన్నారు. సెలైన్ సీసాకి సోమవారం ఏమిటండీ? అరవై ఎనిమిదేళ్ళ మనిషి ఒళ్ళు ఎండిపోయి పడి ఉంటే ముందు సూది గుచ్చి తర్వాత డబ్బడగకూడదా? సరిహద్దుకి అటూ ఇటూ ఎక్కడైనా ఇంతేనా? ఆ కోపం నాకింకా తగ్గలేదు.

దిదీ తన చేతి సంచిలోంచి రబ్బరు బ్యాండు వేసిన నోట్ల చుట్ట తీసి కిటికీలో పెట్టింది. ఎంతుందో లెక్కపెట్టలేదు. మేమెవరమో కూడా అడగలేదు.

ఆ రాత్రి తనూ వార్డులోనే ఉంది. సాయంత్రం ఇంటికెళ్ళి స్టీలు డబ్బాలో జావులో వండి తెచ్చింది. బియ్యం, పెసరపప్పు, పసుపు వేసి మెత్తగా ఉడికిస్తారు, అచ్చం మన పులగం. ఇంకో గ్లాసులో వాము కాచిన వేడి నీళ్ళు. పొద్దున్నుంచి కళ్ళు తెరవని అమ్మ ఆ వాసనకి కళ్ళు తెరిచి "వామా?" అంది. దిదీకి తెలుగు రాదు, అమ్మకి తెలుగు తప్ప ఏదీ రాదు. నేపాలీలో అమ్మని ఆమా అంటారు. ఆవిడ "ఆమా, ఆమా" అంటూ చెంచా పెడుతుంటే, మా అమ్మ తననే అమ్మా అని పిలుస్తోందనుకుని ప్రతిసారీ "ఆఁ తల్లీ" అని పలికింది. తెల్లవార్లూ అదే వరస.

అప్పటిదాకా నేను ఏడవలేదు. ఆదివారం పొద్దున్న దిదీ ఒక కవరు తెచ్చి మంచం మీద పెట్టింది. నిన్న పాడైపోయిన అమ్మ చీర, ఎక్కడ పడేశామో కూడా నాకు గుర్తులేదు. ఉతికి, ఆరబెట్టి, మడత పెట్టింది. అమ్మ భుజం దగ్గర పెట్టుకునే పిన్నీసులు రెండూ ఆ మడతకే గుచ్చి ఉన్నాయి. వాటిని చూసి ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. వీపు నిమురుతూ ఏదో అంది, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

సోమవారం డబ్బు మార్చుకున్నాక డిపాజిట్ సొమ్ము తిరిగిచ్చాం. పైన ఇంకొంత ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది. మొన్నటి టీ బాకీ మాత్రం అడిగి తీసుకుంది. దిదీ, మీకు ఈ అక్షరాలు చదవడం రాదు. ఎవరైనా తెలుగువాళ్ళు అటు వెళ్తే, వంతెన అవతల మొదటి కొట్లో కూర్చుని రెండు బారాలు తినండి, తెనాలి ఆమా బాగుందని చెప్పండి.

మా ఆయన, తమ్ముడు, వదిన కూడా చాలా చేశారు, వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, రాత్రి డ్యూటీ నర్సుని మర్చిపోయాను. బెంగళూరులో చదువుకుందట, హిందీలో నాకు అన్నీ విడమర్చి చెప్పింది. లాడ్జి ఆయన మూడో రోజు అద్దె తీసుకోలేదు. సునౌలీ దాకా మెల్లగా నడిపిన జీపు డ్రైవరు అమ్మ కోసం నాలుగుసార్లు ఆపాడు. గోరఖ్‌పూర్ రైల్లో కింది బెర్తు ఇచ్చిన వరంగల్ దంపతులు.

ఇంకొకరు. ఆ గాభరాలో అమ్మ చెప్పులు వంతెన మీదే ఉండిపోయాయి. స్కూలు యూనిఫాంలో ఉన్న పిల్ల ఒకతి వాటిని లాడ్జికి తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోయింది. నేను దిగొచ్చేసరికి వీధి మలుపులో జడలు కనిపించాయి, అంతే.