1977 గురించి నీతో నా పేచీ

చిన్నా,

1977లో అమెరికాలో మొదటి స్థానానికి చేరిన ఆల్బంలలో ఏది గొప్పదని నన్ను అడిగి, ఫ్లీట్‌వుడ్ మ్యాక్ బృందం "రూమర్స్" అని జవాబు కూడా నువ్వే చెప్పేశావు. "రూమర్స్ 31 వారాలు పైన కూర్చుందమ్మా, ఇంకా చర్చ ఎందుకు?" అన్నావు. కూర్చున్న మాట నిజమే. కానీ వారాలు లెక్కపెట్టి గొప్పతనం తేల్చేటట్టయితే, వంద రోజులు ఆడిన ప్రతి సినిమానూ నువ్వు గొప్ప సినిమా అని ఒప్పుకోవాలి. చచ్చినా ఒప్పుకోవు. ఫోనులో అయితే నన్ను మాట పూర్తి చేయనివ్వవు కనుక ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ పట్టిక సంగతి. బిల్‌బోర్డ్ పత్రిక లెక్కలో ఆ ఏడాది మొదటి స్థానం చూసినవి ఏడే ఏడు. స్టీవీ వండర్ "సాంగ్స్ ఇన్ ద కీ ఆఫ్ లైఫ్", ఈగల్స్ "హోటల్ కాలిఫోర్నియా", వింగ్స్ బృందం కచేరీ రికార్డు, "ఎ స్టార్ ఈజ్ బార్న్" సినిమా పాటలు, ఫ్లీట్‌వుడ్ మ్యాక్ "రూమర్స్", బ్యారీ మ్యానిలో కచేరీ, చివరగా డిసెంబరులో లిండా రాన్‌స్టాట్ "సింపుల్ డ్రీమ్స్". వీటిలో నిజంగా 1977లో విడుదలైనవి మూడే. మిగతా నాలుగూ అంతకు ముందు ఏడాది సరుకు. పైగా అప్పట్లో దుకాణాలకు ఫోన్లు చేసి, ఏది బాగా పోతోందని అడిగి పట్టిక వేసేవారు. అమ్మిన ప్రతి రికార్డునూ బార్‌కోడ్‌తో లెక్కించడం 1991లో గాని మొదలు కాలేదు. కాబట్టి నువ్వు గొప్పగా చెప్పే ఆ వారాలలో కౌంటరు వెనుక కుర్రవాడి ఇష్టాయిష్టాలు కూడా కొంత కలిసే ఉంటాయి.

వింగ్స్‌నూ మ్యానిలోనూ పక్కన పెడదాం, అవి అభిమానుల కోసం తెచ్చిన కచేరీలు. "ఎ స్టార్ ఈజ్ బార్న్"లో "ఎవర్‌గ్రీన్" ఒక్కటే మిగిలే పాట. ఆ బాణీ కట్టింది ఆ సినిమా కథానాయిక, గాయని బార్బ్రా స్ట్రైసాండే. పాటకు వచ్చిన ఆస్కార్‌తో, ఆ విభాగంలో స్వరకర్తగా గెలిచిన మొదటి స్త్రీ అయింది. అయినా ఒక్క పాటతో ఆల్బం నిలబడదు.

స్టీవీ వండర్ దగ్గర మాత్రం నాకు చెయ్యి ఆడడం లేదు. అప్పుడు నేను డెట్రాయిట్‌లో రెసిడెన్సీ చేస్తున్నాను. అతని పాటలు తెచ్చే మోటౌన్ రికార్డుల కంపెనీ అప్పటికే లాస్ ఏంజెలస్‌కు తరలిపోయినా, ఊళ్ళో అతన్ని "మా పిల్లవాడు" అనే అనేవారు. పదకొండేళ్ళ వయసులో ఆ కంపెనీ గడప తొక్కినవాడు మరి. రెండు పెద్ద రికార్డులకు తోడు ఒక చిన్న రికార్డు కూడా ఆ అట్టలోనే ఉండేది. జాజ్ విద్వాంసుడు డ్యూక్ ఎలింగ్టన్‌కు నమస్కారంగా కట్టిన "సర్ డ్యూక్" వచ్చినప్పుడు నైట్ డ్యూటీలో నర్సులు రేడియో గొంతు పెంచేవారు. సంగీతం ఒక్కటే కొలతైతే మొదటి బహుమతి అతనిదే, తగువు లేదు. కానీ ఆ ఆల్బం 1976 సెప్టెంబరులో వచ్చింది, పైన ఉన్న వారాల్లో ఎక్కువ భాగం ఆ ఏడాదివే. అతన్ని 1976కు రాజును చేసి పంపించేద్దాం. ఇది కాస్త అన్యాయమే అనుకో, కానీ అతను బరిలో ఉంటే మనం పోట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

ఇక నీ రూమర్స్. దాని కథ నీకు కంఠతా వచ్చు. కాలిఫోర్నియాలోని సాసలీటోలో 1976లో రికార్డింగు. బృందంలోని భార్యాభర్తలు క్రిస్టీన్, జాన్ మెక్‌వీ విడాకుల్లో ఉన్నారు. గాయని స్టీవీ నిక్స్, గిటారిస్టు లిండ్సీ బకింగ్‌హామ్ జంట విడిపోయింది. డ్రమ్ములు వాయించే ఫ్లీట్‌వుడ్ కాపురమూ కూలుతోంది. బకింగ్‌హామ్ నిక్స్‌ను దెప్పుతూ "గో యువర్ ఓన్ వే" రాస్తే, ఆ దెప్పుడుకు ఆమే పక్కన నిలబడి గొంతు కలపాలి. క్రిస్టీన్ తన కొత్త స్నేహితుడి మీద రాసిన పాటకు బేస్ గిటార్ వాయించింది మాజీ భర్త. ఆ పాట కుక్కపిల్ల గురించని ఆయనకు చెప్పిందట! పొరలు పొరలుగా రికార్డు చేసి చేసి టేపు అరిగిపోయే స్థితికి వచ్చింది. అంత మంచి "సిల్వర్ స్ప్రింగ్స్" పాటకు రికార్డులో చోటు చాలక, తీసి చిన్న రికార్డు వెనుక వైపుకు నెట్టారు. నిక్స్ ఎంత బాధపడి ఉంటుందో ఊహించు.

ఇదంతా బాగుంది. కానీ ఆ ఆల్బంను పొగిడేవాళ్ళు పాటలను పొగుడుతున్నారా, ఆ ఇళ్ళల్లో గొడవలను పొగుడుతున్నారా అన్నదే నా అనుమానం. కథ పక్కన పెట్టి విను. "డ్రీమ్స్" నిలుస్తుంది. ముక్కలు ముక్కలు అతికించి చేసిన "ద చెయిన్" నిలుస్తుంది, అందులో బేస్ ఒంటరిగా మొదలయ్యే చోట నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. "ఓ డాడీ" దగ్గర మాత్రం నేను లేచి కాఫీ పెట్టుకుంటాను.

నా ఓటు ఆ ఆల్బంను డిసెంబరులో గద్దె దింపిన లిండా రాన్‌స్టాట్‌కు. నవ్వకు. నీ అభ్యంతరం నాకు తెలుసు, "ఆమె సొంతంగా ఒక్క పాటా రాయలేదు కదా" అంటావు. అందులో పది పాటలున్నాయి, పదీ ఇతరులవో పాత జానపదాలో. రాయ్ ఆర్బిసన్‌ది, బడ్డీ హోలీది, రోలింగ్ స్టోన్స్‌ది, వారెన్ జీవాన్‌వి రెండు. రాక్ సంగీతంవాళ్ళకు ఇది పెద్ద లోపం. రాసినవాడే పాడాలి, లేకపోతే నిజాయితీ లేదన్నట్టు మాట్లాడతారు. నువ్వూ వాళ్ళలాగే మాట్లాడుతున్నావు, విజయవాడ రేడియోలో భక్తిరంజని వింటూ పెరిగినదాని కొడుకువై ఉండి! "ఎందరో మహానుభావులు" పాడినవాళ్ళలో ఎవరినైనా, నువ్వే ఎందుకు రాసుకోలేదని అడిగామా? బాలమురళీకృష్ణ స్వయంగా వాగ్గేయకారుడు, తిల్లానాలూ కృతులూ బోలెడు కట్టాడు. అయినా ఆయన త్యాగరాజును పాడిన రోజున మనకేమీ తక్కువ కాలేదు. ఎవరి పాట అన్నది మనం అడగం, ఎలా పాడారన్నది అడుగుతాం.

కృతికి మనోధర్మం ఉంటుంది, ఈమెది నకలు అంటావేమో. అయితే ఒక పని చెయ్యి. ఆర్బిసన్ 1963లో పాడిన "బ్లూ బయూ" విని, వెంటనే ఈమెది విను. ఆయనది మగతలో తలచుకున్నట్టు ఉంటుంది. ఈమె మెల్లగా, దాదాపు మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టి, పల్లవికి వచ్చేసరికి గొంతు మొత్తం విప్పుతుంది, ఆఖరున పైస్థాయిని అలా తాకి వదిలేస్తుంది. జీవాన్ మగవాడి మాటగా రాసిన "పూర్ పూర్ పిటిఫుల్ మీ"ని ఆడదాని నోటికి తగినట్టు మార్చి పాడింది. డాలీ పార్టన్‌తో కలిసి పాడిన పాత జానపదంలో రెండు గొంతులూ ఒకదాన్నొకటి తోసుకోవు. "బ్లూ బయూ", "ఇట్స్ సో ఈజీ" ఆ డిసెంబరులో ఒకేసారి పాటల పట్టికలో మొదటి ఐదింటిలో ఉన్నాయి. పట్టికలు నమ్మవద్దని చెప్పి పట్టికే చూపిస్తున్నానని ఎత్తి చూపకు, నీ ఆయుధం నీకే చూపిస్తున్నాను. ఇంకొకటి, నీకిష్టమైన ఈగల్స్‌లో ఫ్రై, హెన్లీ ఇద్దరూ 1971లో ఈమె వెనుక వాయించినవాళ్ళే.

కోడలు ఇంగ్లండులో పెరిగింది కాబట్టి ఆమె లెక్క వేరు. అక్కడ ఆ ఏడాది పైకెక్కినవాటిలో అబ్బా "అరైవల్" ఉంది, మపెట్ బొమ్మల పాటలున్నాయి, నవంబరులో సెక్స్ పిస్టల్స్ అనే పంక్ రాక్ బృందంవాళ్ళు వచ్చారు. వాళ్ళ ఆల్బం పేరు అసభ్యమని నాటింగ్‌హామ్‌లో ఒక దుకాణం మేనేజరు మీద కేసు పెడితే కోర్టు కొట్టేసింది. నీ రూమర్స్ అక్కడ మొదటి స్థానం చూసింది 1978 జనవరిలోనే. ఈ ముక్క ఆమెకు చెప్పావా, దాచావా?

నా వరస ఇది: రాన్‌స్టాట్, తరవాత రూమర్స్. మూడోది "హోటల్ కాలిఫోర్నియా" అనుకున్నాను, చివరి పాట "ద లాస్ట్ రిసార్ట్" కోసం. మీ నాన్న ఒప్పుకోవడం లేదు. ఆయన ఓటు బ్యారీ మ్యానిలోకట. ఇన్నేళ్ళూ నాకు తెలియనే తెలియదు. కోడలికి ఈ సంగతి చెప్పవద్దు, ఆయన పరువు పోతుంది.

అమ్మ